కోట్ల డిగ్రీలు ఎవరివి?

2024 జనవరి 1 ఉదయం 9 గంటల 10 నిమిషాలకు శ్రీహరికోటలో పీఎస్ఎల్వీ-సీ58 లేచింది. అది కక్ష్యలో పెట్టిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహంలో రెండు పరికరాలున్నాయి. వాటిలో చిన్నదైన ఎక్స్‌స్పెక్ట్ జనవరి 5న శర్మిష్ఠ నక్షత్రమండలం వైపు తిరిగి, క్యాసియోపియా-ఎ అనే పేలిన నక్షత్రపు అవశేషాన్ని చూసింది. అదే దాని మొదటి చూపు. ఇస్రో విడుదల చేసింది ఫోటో కాదు, ఒక గీత. ఎడమ నుంచి కుడికి ఎక్స్‌రే శక్తి పెరుగుతూ పోతుంది. కింది నుంచి పైకి, ఆ శక్తితో వచ్చిన ఫోటాన్లు ఎన్నో చూపిస్తుంది. గీత సాఫీగా వాలిపోకుండా మధ్యమధ్య మొటిమల్లా లేస్తుంది. మెగ్నీషియం దగ్గర ఒకటి, సిలికాన్ దగ్గర బాగా ఎత్తుగా ఒకటి, తర్వాత గంధకం, ఆర్గాన్, కాల్షియం. చివర, అన్నిటికీ దూరంగా, ఇనుము.

ఆ గీత చూడటానికి సాదాగా ఉంటుంది గానీ ఈ శాస్త్రానికి మూలధనం అదే. సూపర్నోవా అవశేషాల గురించి ఎక్స్‌రేల ద్వారా మనకు తెలిసినదాంట్లో చాలా భాగం, మొటిమ ఎక్కడుంది, ఎంత ఎత్తుంది, ఎంత వెడల్పుంది అనే మూడు ప్రశ్నల్లోంచే వచ్చింది. ఎక్కడుందో చూస్తే మూలకం పేరు, అది ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో తెలుస్తాయి. ఎత్తు నుంచి ఆ మూలకం ఎంతుందో, దాన్ని కొట్టే ఎలక్ట్రాన్ల వేడి ఎంతో లెక్క కట్టవచ్చు. వెడల్పు చెప్పే సంగతి వేరు, దాని దగ్గరకు తర్వాత వద్దాం. ఈ రంగంలో గత పాతికేళ్ళ గొడవంతా ఆ వెడల్పు మీదే.

పుస్తకం తెరిచినా, పత్రిక తెరిచినా ఈ అవశేషాల గురించి ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: అక్కడి వాయువు కోట్ల డిగ్రీల వేడిలో ఉంటుంది అని. అబద్ధం కాదు. కానీ ఎవరి వేడి అని అడిగితే ఆ వాక్యం తడబడుతుంది. నాగాయలంక చుట్టుపక్కల రొయ్యల చెరువు చేసే ఏ రైతుకైనా ఈ తడబాటు కొత్త కాదు. పెద్ద వాన పడ్డ మర్నాడు చెరువు సెలినిటీ ఎంత అని అడిగితే, పైనీళ్ళదా, అడుగునీళ్ళదా అని ఎదురడుగుతాడు. తీపినీళ్ళు పైన తేలతాయి, ఉప్పునీళ్ళు అడుగున ఉండిపోతాయి. ఏరేటర్లు తిప్పి కలిపేదాకా చెరువు మొత్తానికి ఒక అంకె చెప్పడం కుదరదు. సూపర్నోవా అవశేషంలో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వేరు, ప్రోటాన్లది వేరు, ఇనుప అయాన్లది మరీ వేరు. కలిపే ఏరేటరు అక్కడ లేదు. వేల ఏళ్ళు పడుతుంది.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. నక్షత్రం పేలినప్పుడు విసిరిన పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో బయటికి దూసుకుపోతుంది. చుట్టూ ఉన్న పలచటి వాయువును తోస్తుంది. ధ్వనివేగం కన్నా ఎన్నో రెట్లు వేగంగా తోస్తుంది కాబట్టి ముందు ఒక షాక్ తరంగం ఏర్పడుతుంది. ఎదుటి వాయువు తగిలిన దెబ్బకు మరో షాక్ లోపలికి మళ్ళి, విసిరిన పదార్థాన్నే వేడెక్కిస్తుంది. క్యాసియోపియా-ఎ గీతలో కనిపించే సిలికాన్, ఇనుము చాలావరకు ఈ లోపలి షాక్ తగిలిన నక్షత్రపు సొంత పదార్థం. షాక్ వేగానికి, వేడికి లెక్క సులభమే. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. అన్ని కణాలూ వేడిని సమానంగా పంచుకుంటాయనుకుంటే, సెకనుకు 1000 కిలోమీటర్ల షాక్ వాయువును దాదాపు ఒక కోటీ 40 లక్షల డిగ్రీలకు తెస్తుంది. 5000 కిలోమీటర్లదైతే 34 కోట్ల డిగ్రీలు.

అన్ని కణాలూ సమానంగా పంచుకుంటాయనుకుంటే! చిక్కంతా ఆ 'అనుకుంటే'లో ఉంది. మనం పీల్చే గాలిలో ఘనపు సెంటీమీటరుకు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. నక్షత్రాల మధ్య అదే చోటులో ఒకటో రెండో కణాలు. అంత పలచనలో ఒక ప్రోటాన్ మరో ప్రోటాన్‌ను నిజంగా ఢీకొట్టాలంటే, అవశేషం వ్యాసం కన్నా ఎక్కువ దూరమే ప్రయాణించాలి. అంటే మామూలు అర్థంలో ఢీకొట్టడం జరగకుండానే షాక్ ఏర్పడుతోంది. కణాలను ఆపేది విద్యుత్, అయస్కాంత క్షేత్రాల అల్లకల్లోలం. ఆ అల్లకల్లోలంలో చిక్కుకున్న కణం తన వేగాన్ని వేడిగా మార్చుకుంటుంది. అందరికీ ఒకే వేగం ఉంది గనుక, ఎవరి బరువును బట్టి వారికి వేడి. 5000 కిలోమీటర్ల షాక్‌లో ఈ లెక్కన ప్రోటాన్‌కు 57 కోట్ల డిగ్రీలు, దానికి 56 రెట్లు బరువైన ఇనుముకు 3200 కోట్లు, 1836వ వంతు బరువున్న ఎలక్ట్రాన్‌కు పట్టుమని 3 లక్షల డిగ్రీలు.

మూడు లక్షల డిగ్రీల ఎలక్ట్రాన్లు ఎక్స్‌రేలు వెదజల్లలేవు. కానీ మనకు ఎక్స్‌రేలు వస్తున్నాయి, వాటిని వెదజల్లేది ఎలక్ట్రాన్లే. కాబట్టి షాక్‌లోనే ఎలక్ట్రాన్లకు అదనంగా కొంత వేడి దక్కుతోంది. ఎంత, ఎలా అన్నదే ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న.

జవాబు వెతకాలంటే ముందు ఆ ఎక్స్‌రేలను పట్టుకోవాలి. ఎక్స్‌రేలకు వాతావరణం గోడ లాంటిదని అందరికీ తెలిసిందే గానీ ఆ గోడ మందం అన్నిటికీ ఒకటి కాదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి 1968లోనే ఎక్స్‌రే పరికరాలు పైకి వెళ్ళాయి. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం హైదరాబాదుకు వరం. అక్కడ కాస్మిక్ కిరణాల గోల తక్కువ, కొలత శుభ్రంగా వస్తుంది. కానీ 40 కిలోమీటర్ల ఎత్తున కూడా మిగిలిన గాలి, 20 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల కన్నా తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలను మింగేస్తుంది. గీతలో మొటిమల్లా లేచే వేడి ప్లాస్మా రేఖలు దాదాపు అన్నీ అర నుంచి ఏడు కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మధ్యే ఉంటాయి. అందుకే మన బెలూన్లు వృశ్చికంలోని స్కో ఎక్స్-1ను, హంసలోని సిగ్నస్ ఎక్స్-1ను చక్కగా కొలిచాయి గానీ, పేలిన నక్షత్రాల వేడి వాయువు వాటికి అందలేదు. పనివాళ్ళ లోపమేమీ లేదు, నిచ్చెన పొట్టిదయింది.

పొడుగు నిచ్చెన రాకెట్టు. 1964 జూలై 7న చంద్రుడు క్రాబ్ నెబ్యులా అనే సూపర్నోవా అవశేషాన్ని కప్పుకుంటూ వెళ్ళే కొద్ది నిమిషాల్లోనే అమెరికా నౌకాదళ పరిశోధనాలయంవారు రాకెట్టు ఎగరేశారు. ఎక్స్‌రే మూలం చుక్కంత చిన్నదైతే ఒక్కసారిగా ఆరిపోవాలి. అది మెల్లగా తగ్గింది. అంటే వెడల్పైన మూలం. అంతా వేడి వాయువే అనుకోవడానికి అప్పట్లో అడ్డేమీ లేదు. తర్వాత తేలిందేమిటంటే, ఆ వెలుగు వేడిది కాదు. నడిమధ్యనున్న పల్సార్ విసిరే, దాదాపు కాంతివేగంతో పోయే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ ఇచ్చేది. అన్నిటికన్నా ప్రకాశవంతమైన, అందరూ కొలబద్దగా వాడే అవశేషమే మన ప్రశ్నకు పనికిరానిదవడం ఈ రంగపు తమాషా.

క్యాసియోపియా-ఎలో ఇనుము రేఖ ఉందని 1970ల్లో మొదటి తరం ఉపగ్రహాలు పట్టుకున్నాయి. రేఖ ఉందంటే అయాన్లున్నాయి, అయాన్లున్నాయంటే వేడి ప్లాస్మా ఉంది. 1978 నవంబరులో వెళ్ళిన ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీతో ఆకారాలు కనిపించాయి. 1993లో జపాను పంపిన ఆస్కా, ఆకారంలో ఏ భాగం ఏ మూలకమో చెప్పగలిగింది. 1999 ఆగస్టులో చంద్రా అబ్జర్వేటరీ తన తొలి చూపు క్యాసియోపియా-ఎ మీదే పెట్టింది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఆ టెలిస్కోపు మొదటి బొమ్మలోనే, అంతకు ముందు ఎవరూ చూడని చుక్క ఒకటి అవశేషం నడుమ దొరికింది. పేలిన నక్షత్రం మిగిల్చిన న్యూట్రాన్ నక్షత్రం అది. దానికన్నా మన విషయానికి దగ్గరైన సంగతి మరుసటి ఏడాది తేలింది: నక్షత్రం గర్భంలో పుట్టిన ఇనుము, కొన్నిచోట్ల సిలికాన్‌ను దాటుకుని బయటికి వచ్చేసింది. ఉల్లిపొరల్లా పేలుతుందనుకున్న నక్షత్రం లోపలా బయటా తారుమారుగా పేలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎక్స్‌రే బొమ్మలో ఇనుము లేనిచోట ఇనుము లేదనుకోకూడదు. లోపలి షాక్ ఇంకా చేరని ఇనుము చల్లగా, చీకటిగా ఉండిపోతుంది. నూస్టార్ ఉపగ్రహం క్యాసియోపియా-ఎలో టైటానియం-44 ఎక్కడెక్కడ ఉందో చూపే పటాన్ని 2014లో గీసింది. ఈ టైటానియం రేడియోధార్మికంగా క్షీణిస్తూ ఎక్స్‌రేలిస్తుంది కాబట్టి వేడితో దానికి పని లేదు. ఇనుము, టైటానియం పక్కపక్కనే పుడతాయి, కాబట్టి పటాలు రెండూ ఒకటిగా ఉండాలి. లేవు. వేడి చూపించే బొమ్మను ద్రవ్యరాశి బొమ్మగా చదవకూడదని ఇంత సూటిగా చెప్పిన పరిశీలన మరొకటి లేదు.

మళ్ళీ వేడి దగ్గరకు. వర్ణపటం నుంచి ఉష్ణోగ్రత చెప్పడానికి మనదేశం ఇచ్చిన సూత్రం ఒకటుంది. మేఘనాద్ సాహా 1920లో రాసిన సమీకరణం. ఇంత వేడిలో పరమాణువు ఇన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటుందని అది చెబుతుంది. నక్షత్రాల ఉపరితలాలను అది తెరిచిన పుస్తకం చేసింది. అవశేషాల దగ్గర మాత్రం చెల్లదు. ఎందుకంటే సాహా లెక్కకు సమతౌల్యం కావాలి. ఇక్కడ పరమాణువు నుంచి ఒక్కొక్క ఎలక్ట్రానును ఊడగొట్టాలంటే బయటి ఎలక్ట్రాన్ ఒకటి వచ్చి తగలాలి, ఆ తగలడం ఎప్పుడో గాని జరగదు. సాంద్రతను కాలంతో గుణిస్తే వచ్చే అంకె దాదాపు లక్ష కోట్లకు చేరితే గాని సంగతి స్థిరపడదు. ఘనపు సెంటీమీటరుకు ఒక ఎలక్ట్రాన్ ఉంటే, లక్ష కోట్ల సెకన్లంటే 31 వేల ఏళ్ళ పైచిలుకు. టైకో బ్రాహే నక్షత్రం పేలుడు 1572లో కనిపించింది. నాలుగున్నర శతాబ్దాలు ఆ లెక్కలో ఏ మూలకు?

ఈ అసమాప్తి ఇబ్బందే అయినా, తెలివైనవాళ్ళు దాన్నే పనిముట్టు చేసుకున్నారు. ఎలక్ట్రాన్లు ఇంకా చాలా మిగిలున్న ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర వెలుగుతుంది. రెండే మిగిలినది 6.7 దగ్గర. రేఖ ఈ మధ్యలో ఎక్కడుందో చూస్తే, ఇనుము షాక్ తిని ఎంతకాలమైందో, ఎంత చిక్కటి వాయువులో తిందో తెలుస్తుంది. హిరోయా యామగుచి బృందం 2014లో పలు అవశేషాలను ఇలా వరసబెట్టి చూస్తే రెండు కుప్పలుగా విడిపోయాయి. సుమారు 6.55కు దిగువన తెల్ల మరుగుజ్జు నక్షత్రాల పేలుళ్ళు, ఎగువన గర్భం కూలి పేలిన భారీ నక్షత్రాలు. భారీ నక్షత్రం చచ్చేముందు చుట్టూ తన పదార్థాన్నే కుమ్మరించుకుంటుంది కాబట్టి దాని ఇనుము చిక్కటి చోట త్వరగా ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని పండుతుంది. ఒక్క రేఖ స్థానం చూసి, వందల ఏళ్ళ కిందట చచ్చిన నక్షత్రం జాతి చెప్పేయవచ్చన్నమాట. ఈ రంగంలో ఇంత పొదుపైన పద్ధతి ఇంకొకటి కనపడదు.

రేఖల ఎత్తులు చాలు గనుక ఎలక్ట్రాన్ల వేడి తెలుసుకోవడం చవకే. అయాన్ల వేడి ఖరీదు. దానికే రేఖ వెడల్పు కావాలి. వేడెక్కిన అయాన్లు కొన్ని మనవైపు, కొన్ని అటువైపు పరుగెడతాయి, డాప్లర్ ప్రభావంతో రేఖ చెదిరి వెడల్పవుతుంది. జాకో వింక్ బృందం 2003లో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహంతో సూపర్నోవా 1006 అవశేషం వాయవ్యపు అంచులో ఆక్సిజన్ రేఖ వెడల్పు తీసింది. ఆక్సిజన్ వేడి దాదాపు 600 కోట్ల డిగ్రీలు, అదే చోట ఎలక్ట్రాన్ల వేడి కోటీ 70 లక్షలు. మూడు వందల యాభై రెట్ల తేడా. 2013లో మెరుగైన కొలతలతో ఆక్సిజన్ అంకె దాదాపు సగానికి పడిపోయింది, 320 కోట్లకు. సగానికి తగ్గితే పరువు తక్కువేమో అనిపిస్తుంది గానీ నిజానికి కొత్త అంకే నమ్మదగ్గది. ఆ అంచు సెకనుకు సుమారు 3000 కిలోమీటర్లతో పోతోంది. బరువు ప్రకారం వేడి అన్న సూత్రంలో ఆ వేగం పెడితే ఆక్సిజన్‌కు వచ్చేది దాదాపు అంతే.

ఒక్క మూలకంతో సూత్రం నిలబడదు. వేర్వేరు బరువుల మూలకాలు ఒకే షాక్‌లో కావాలి. అది దొరికింది సూపర్నోవా 1987-ఎలో. 1987 ఫిబ్రవరి 23న పెద్ద మెగలానిక్ మేఘంలో, లక్షా 60 వేల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో కనిపించిన పేలుడు అది. ఉత్తరార్ధగోళంలో చాలామందికి అది దిగంతానికి కిందే. మన దివిసీమ కాస్త అదృష్టం చేసుకుంది. ఎదురుమొండి దీవి దక్షిణపు ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే, ఫిబ్రవరి నెలాఖరు సాయంత్రాల్లో ఆ చోటు నీటిమట్టానికి దాదాపు 5 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చేయి చాచి అడ్డంగా పట్టుకున్న మూడు వేళ్ళంత. సముద్రపు మంచుపొగలో ఇప్పుడు కంటికి ఏమీ ఆనదు, అవశేషం ఎటూ కంటికి కనిపించేది కాదు. అయినా దిక్కు తెలిసుండటం బాగుంటుంది.

మార్కో మిచెలి బృందం ఆ అవశేషం మీద చంద్రా 2007, 2011, 2018లలో తీసిన వర్ణపటాలను తీసుకుంది. వెడల్పంతా వేడిదే అనుకోకూడదు. అవశేషం తానే ఉబ్బుతోంది, ముందు భాగం మనవైపు, వెనుక భాగం అటువైపు కదులుతున్నాయి. ఆ కదలిక కూడా రేఖను వెడల్పు చేస్తుంది. ఈ రెంటినీ విడదీయడానికి వాళ్ళు పేలుడు నుంచి నేటిదాకా అవశేషాన్ని కంప్యూటర్లో మూడు కొలతల్లో నడిపించి, ఉబ్బడం వల్ల రావలసిన వెడల్పును తీసేశారు. మిగిలింది వేడి. 2019లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం అయాన్ల వేడి ప్రోటాన్ల వేడి కన్నా ఎప్పుడూ ఎక్కువ, బరువుతో సమానంగా పెరుగుతుంది. నా అంచనాలో ఈ మొత్తం ప్రశ్నలో అన్నిటికన్నా గట్టి మెట్టు ఇదే.

ఎలక్ట్రాన్ల వాటా సంగతికొస్తే, పర్వీజ్ గవామియన్, మార్టిన్ లామింగ్, కారా రకోవ్‌స్కీ 2007లో ఒక సంబంధం చూపారు. షాక్ ఎంత వేగమైతే ప్రోటాన్లతో పోల్చి ఎలక్ట్రాన్ల వాటా అంత తక్కువ, వేగపు వర్గానికి విలోమంగా. ప్రోటాన్ల వేడి వేగపు వర్గంతోనే పెరుగుతుంది కాబట్టి రెండూ కలిస్తే తమాషా జరుగుతుంది: షాక్ వేగం ఏదైనా ఎలక్ట్రాన్లకు తొలి దెబ్బలో దక్కేది దాదాపు ఒకే మొత్తం, 35 లక్షల డిగ్రీల ప్రాంతంలో. మిగతాది తర్వాత అయాన్ల దగ్గర నుంచి చిల్లర చిల్లరగా వసూలు చేసుకోవాలి. ఎందుకిలా అన్నదానికి పోటీపడే వివరణలు ఉన్నాయి, తేలలేదు.

వేడి లెక్క తేడా వచ్చినప్పుడు తొందరపడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. చిన్న మెగలానిక్ మేఘంలో ఇ-0102 అనే అవశేషం ఉంది. చంద్రా కొత్తగా వెళ్ళిన రోజులు. జాక్ హ్యూస్, రకోవ్‌స్కీ, ఆన్ డెకూర్షెల్ 2000లో చంద్రా బొమ్మను పాత ఉపగ్రహాల బొమ్మలతో పోల్చి, అవశేషం సెకనుకు 6000 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉబ్బుతోందన్నారు. అంత వేగానికి, అయాన్ల నుంచి ఎంత నెమ్మదిగా వేడి వచ్చినా, ఎలక్ట్రాన్లు కనీసం 3 కోట్ల డిగ్రీలు దాటాలి. కొలిస్తే కోటి కూడా అంతంతమాత్రం. వేడి మాయమైంది! ఎక్కడికి పోయింది? కాస్మిక్ కిరణాలను తయారుచేయడానికి ఖర్చయిందన్నారు. అందమైన వివరణ, సిద్ధాంతకారులు ఎదురుచూస్తున్నదే. పత్రం బాగా పేరుపొందింది. 2019లో షీ లాంగ్ బృందం చంద్రా సొంత బొమ్మలనే, 17 ఏళ్ళ వ్యవధిలో తీసినవాటిని, ఒకదానితో ఒకటి పోల్చింది. వేగం 1600 కిలోమీటర్లే. ఆ వేగానికి కొలిచిన ఎలక్ట్రాన్ల వేడి సరిపోతుంది. మాయమైన వేడి లేదు. కాస్మిక్ కిరణాలకు ఇ-0102 ఇచ్చిన సాక్ష్యం బలహీనపడింది. వేర్వేరు ఉపగ్రహాల బొమ్మలను అతికించి వేగం చెప్పడం ఎంత ప్రమాదమో దీనికన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అలాగని షాకులు కాస్మిక్ కిరణాలు పుట్టించవని కాదు. 1995లో కత్సుజి కొయామా బృందం ఆస్కాతో చూస్తే సూపర్నోవా 1006 ఈశాన్య, నైరుతి అంచుల ఎక్స్‌రేల్లో రేఖలే దాదాపు లేవు. క్రాబ్‌లోలాగే మెలికల ఎలక్ట్రాన్లు, కానీ నడుమ పల్సార్ లేదు. షాక్ తానే వాటిని అంత వేగానికి తోసిందన్నమాట. ఇలాంటి వెలుగు వేడి ప్లాస్మా వెలుగులో కలిసిపోతే ఉష్ణోగ్రత తప్పు చూపిస్తుంది. ఆస్కాకు ముందరి కొలతల్లో వేడిగా లెక్కేసినదాంట్లో కొంత ఇలాంటిదే. 2021 డిసెంబరులో వెళ్ళిన ఐక్స్‌పీ ఉపగ్రహం ధ్రువణాన్ని కొలిచి, క్యాసియోపియా-ఎలో అయస్కాంత క్షేత్రం కేంద్రం నుంచి బయటికి చారలుగా ఉందని చెప్పింది. అది మరో వ్యాసానికి సరిపడే సంగతి.

ఇంకో తిరకాసు. 2009లో సుజాకు ఉపగ్రహం మిథునంలోని ఐసీ 443ని, గరుడమండలంలోని డబ్ల్యూ49-బిని చూస్తే అంతా తలకిందులు. మామూలుగా అయాన్లు ఇంకా పండలేదని బాధ. ఇక్కడ మితిమీరి పండాయి. ఉన్న ఎలక్ట్రాన్ల వేడికి అంతగా ఊడకూడని అయాన్లు ఊడిపోయి, ఇప్పుడు ఎలక్ట్రాన్లను తిరిగి పట్టుకుంటున్నాయి. అంటే ఎలక్ట్రాన్లు ఒకప్పుడు చాలా వేడిగా ఉండి హఠాత్తుగా చల్లబడ్డాయి. పక్కనున్న చల్లటి మేఘం వేడిని లాగేసిందని కొందరు, చిక్కటి చోటు నుంచి ఖాళీలోకి ఒక్కసారిగా వ్యాపించడం వల్లనని కొందరు. ఒక్కొక్క అవశేషంలో ఒక్కొక్కటి నిజం కావచ్చు. రెండు పక్షాలూ ఒకే అవశేషం మీద రెండు రకాలుగా వాదించిన సందర్భాలున్నాయి.

ఇందులో మన పరికరాల వాటా ఎంత? 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్‌లో ముంబయి టాటా సంస్థ చేసిన మెత్తటి ఎక్స్‌రే టెలిస్కోపు ఉంది, 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా. వేడి ప్లాస్మాకు సరిగ్గా కావలసిన పరిధి. టైకో అవశేషపు రేఖలను అది బాగా పట్టింది, కానీ ఎక్కువగా తన కొలతలను సరిచూసుకోవడానికే. దాని చూపు మసక రెండు కోణ నిమిషాలు. టైకో మొత్తం వెడల్పే ఎనిమిది. చంద్రా గీసిన పోగులు దానికి ఒక ముద్ద. పైగా ఆస్ట్రోశాట్ పేరు నిలిపిన పని క్రాబ్ మీద జరిగింది. అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయానికి చెందిన సంతోష్ వడవలే బృందం 100 నుంచి 380 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మధ్య పల్సార్ చక్రంతో పాటు ధ్రువణం మారుతుందని చూపింది. గొప్ప పని, కానీ వేడి వాయువుది కాదు. ఎక్స్‌స్పెక్ట్ సంగతీ దాపరికం లేకుండా చెప్పుకోవాలి. దానికి బొమ్మ తీసే శక్తి లేదు. క్యాసియోపియా-ఎ మొత్తాన్ని ఒక్క గీతగా ఇస్తుంది. ఇనుము రేఖ దగ్గర దాని సూక్ష్మత 200 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల లోపు. 1000 కోట్ల డిగ్రీల ఇనుము తన వేడితో రేఖను చెదరగొట్టేది 27 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే. మొటిమ ఎక్కడుందో అది చెప్పగలదు, ఎంత వెడల్పో చెప్పలేదు. ఒకే మూలాన్ని వారాల తరబడి కన్నార్పకుండా చూడటం దాని బలం. మారుతూ ఉండే జంట నక్షత్రాలకు ఆ బలం పనికొస్తుంది. శతాబ్దాలకు గాని మారని అవశేషాలకు అంతగా కాదు.

వెడల్పు కొలవాలంటే వేరే జాతి పరికరం కావాలి. ఒక్కొక్క ఎక్స్‌రే ఫోటాన్ పడినప్పుడు పుట్టే వేడిని కొలిచేది. దాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో ఇరవయ్యో వంతు పైన, 0.05 కెల్విన్ దగ్గర ఉంచాలి. కోట్ల డిగ్రీలను కొలవడానికి ఇంత చల్లటి పనిముట్టు కావలసిరావడం బాగానే ఉంది. 2016లో జపాను హిటోమీ దాన్ని మోసుకెళ్ళింది. పెద్ద మెగలానిక్ మేఘంలోని ఎన్132-డి అవశేషాన్ని చూడబోయి గురి తప్పింది. దొరికినది ఇనుము దగ్గర ఇరవైలోపు ఫోటాన్లు. అయినా అంత పిడికెడు గింజలతోనే ఇనుము సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో మననుంచి అటుగా పోతోందని తేల్చారు. ఆ మార్చిలోనే ఉపగ్రహం ముక్కలైంది.

దాని వారసుడు ఎక్స్‌రిజమ్ 2023 సెప్టెంబరు 7న వెళ్ళింది. మొదట చూసిన వాటిలో ఎన్132-డి ఒకటి. అవశేషం అంచున ఎలక్ట్రాన్లు కోటి డిగ్రీల స్థాయిలోనే ఉంటే, ఇనుము రేఖ వెడల్పు దాదాపు 1000 కోట్ల డిగ్రీలు చూపింది. ఒకే అవశేషం, వెయ్యి రెట్ల తేడా. అయితే ఇనుము ఉబ్బే కదలిక ఇందులో ఎంత కలిసిందో పూర్తిగా విడదీయాల్సి ఉంది, 1987-ఎలో చేసినట్టు. బరువు ప్రకారం వేడి అన్న సూత్రాన్ని ఇక్కడా పరీక్షించడానికి తోడు మూలకం కూడా కావాలి. ఎన్132-డి ఆక్సిజన్ దండిగా ఉన్న అవశేషం, తోడు ఇంట్లోనే ఉంది. రెండూ ఒకే షాక్ తిన్నవైతే, వేడంతా బరువు ప్రకారమే పంచబడి ఉంటే, ఆక్సిజన్ దాదాపు 285 కోట్ల డిగ్రీలు చూపాలి. దానికి దూరంగా చూపితే ఆ రెండు షరతుల్లో ఏదో ఒకటి తప్పిందని అర్థం. లెక్క ఇంత సూటిగా ఉంది. కానీ ఎక్స్‌రిజమ్ పరికరం ముందున్న బెరీలియం కవాటం కక్ష్యలో తెరుచుకోలేదు. 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల కన్నా తక్కువ శక్తి ఎక్స్‌రేలను అది దాటనివ్వదు. ఇనుము 6.7 దగ్గర దాటి వస్తోంది. ఆక్సిజన్ రేఖలు 0.57, 0.65 దగ్గర కవాటానికి అవతలే ఉన్నాయి. ఆ రేఖలను చూడగల ఐరోపావారి ఎక్స్‌రే ఉపగ్రహం న్యూఎథీనా 2037లో వెళ్ళాలన్నది ప్రస్తుత ప్రణాళిక.